సోవ్ నుంచి ఆంగులేమ్ దాకా: అసలు పేజీల కోసం

పెద్ద ప్రచురణ సంస్థలకీ సెన్సారుకీ బయట వచ్చిన బొమ్మల కథలు, అంటే అమెరికా అండర్‌గ్రౌండ్ కామిక్స్‌కి పుట్టిల్లు 1960ల శాన్‌ఫ్రాన్సిస్కో. అయినా ఆ తరం ఆర్టిస్టుల జాడ పట్టుకుని బయల్దేరితే ఫ్రాన్స్ వెళ్ళాల్సిందే. గిల్బర్ట్ షెల్టన్ పారిస్‌లో స్థిరపడ్డారు. రాబర్ట్ క్రంబ్, ఆలీన్ కొమిన్‌స్కీ దంపతులు 1991లో దక్షిణాన సోవ్ అనే చిన్న ఊరికి మారిపోయారు. క్రంబ్ తన స్కెచ్‌బుక్కులు ఆరు ఇచ్చి అక్కడ ఇల్లు తీసుకున్నారు.

పారిస్ గార్ ద లియోఁ స్టేషన్ నుంచి నీమ్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో మూడు గంటలు. అక్కడ లె విగాన్ వైపు వెళ్ళే బస్సెక్కి సోవ్‌లో దిగాను. ఆదివారాలు బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి. కారులో వెళ్ళేవాళ్ళు శరదృతువులో విదూర్ల్ ఏటి గట్టున బండి ఆపకపోవడం మంచిది. పైన సెవెన్ (Cévennes) అనే కొండల్లో కుండపోత పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు గంటల్లో పొంగుతుంది. ఊళ్ళో రాతి సందులు, వాటి వెనక సున్నపురాతి గుట్టలు. ఆలీన్ 2022లో కన్నుమూశారు. కళాకారుల ఇళ్ళ తలుపులు తట్టడం మర్యాద కాదు. సందులన్నీ నడిచి చూస్తే చాలు. బైబిల్ ఆదికాండం 50 అధ్యాయాలనూ క్రంబ్ ఏళ్ళ తరబడి బొమ్మలుగా గీసి 2009లో పుస్తకంగా తెచ్చింది ఇక్కడ ఉంటూనే. అంత పనికి కావలసిన నిశ్శబ్దం ఈ ఊళ్ళో ఉంది.

ఆర్టిస్టులు చేత్తో గీసిన అసలు పేజీలు చూడాలంటే మాత్రం ఆంగులేమ్ వెళ్ళాలి. పారిస్ మోఁపర్నాస్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. క్రంబ్‌కి 1999లో గ్రాఁ ప్రీ అనే తన అత్యున్నత పురస్కారం ఇచ్చిన కామిక్స్ పండగ ఈ ఊరిదే. షరాంత్ నది ఒడ్డున పాత గిడ్డంగుల్లో ఉన్న కామిక్స్ మ్యూజియానికి సోమవారం సెలవు. వెలుతురుకి కాగితం, సిరా పాడవుతాయని బొమ్మల్ని కొన్ని నెలలకోసారి మారుస్తారు. కాబట్టి ఫలానా పేజీ చూడాలనుకుంటే ముందుగా అడిగి వెళ్ళండి.

ఇలాంటి పేజీల ముందు ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడాలి. లేత నీలం పెన్సిల్ గీతలు కొన్నిటిమీద చెరపకుండా అలాగే ఉంటాయి. అచ్చు కోసం పేజీని ఫొటో తీయడానికి వాడిన పాత లైన్ ఫిల్మ్‌కి నీలం తెలుపుగానే కనిపించేది, అందుకే చెరిపే అవసరం ఉండేది కాదు. తెల్లరంగు పూసి దిద్దిన చోట కాగితం కాస్త ఉబ్బుగా ఉంటుంది. అడ్డదిడ్డంగా అల్లిన సన్న గీతల మధ్య సందులు అసలు పేజీలో విడివిడిగా తెలుస్తాయి. దాన్నే సగానికి తగ్గించి ముద్రిస్తే సందూ సగమైపోతుంది. పైగా సిరా కాగితంలోకి పాకి నీడంతా నల్లటి ముద్దవుతుంది. అచ్చుపుస్తకం ఒక్కటే చూసి ఈ ఆర్టిస్టుల చేతిపనిని అంచనా వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

వేర్వేరు దేశాల ఆర్టిస్టులు కొన్నాళ్ళు ఉండి పనిచేసుకోవడానికి ఆంగులేమ్‌లోనే మేజోఁ దెజోతర్ (రచయితల ఇల్లు) ఉంది, 2002లో మొదలైంది. పరాయి భాషలో పుస్తకం వేయాలనుకునేవాళ్ళకి పెద్ద చిక్కు అక్షరాలతోనే. ఇంగ్లీషు మాట ఫ్రెంచిలోకి మారితే సాధారణంగా పొడుగవుతుంది, పాత్ర మాటలు రాసే బుడగలో, అంటే బెలూన్‌లో పట్టదు. బెలూన్‌లో ముందే కొంత ఖాళీ వదలాలి. అక్షరాల్ని బొమ్మతో కలపకుండా వేరే పొరలో ఉంచాలి. గీతల నీడ మీదే చేత్తో రాసేస్తే, అక్షరాలు తీసిన చోట ఆ నీడనంతా మళ్ళీ గీసుకోవాల్సి వస్తుంది.