పాత బండికి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్: ఎంపిక, బిగింపు, మిగిలిన పని

బెల్టు మీద తిరిగే పాత ఫ్యాన్‌ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టే పని ఒక కొలిక్కి వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది, టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉంటోంది. కరెంటు లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

బండి కార్బ్యురేటర్ కాలం నాటిది, నాలుగు సిలిండర్లు. పాత ఫ్యాన్‌తో ఖాళీ రోడ్డు మీద ముల్లు సగం దగ్గర కదలకుండా ఉండేది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం మెల్లగా ఎర్ర గీత వైపు పాకడం మొదలుపెట్టేది. ఫ్యాన్ కొనేముందు ఈ తేడా గమనించుకోవాలి. నిలబడి ఉన్నప్పుడే వేడెక్కుతుంటే గాలి చాలడం లేదన్నమాట. వేగంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కితే రేడియేటర్ కోర్ (నీళ్ల ట్యూబులు ఉండే మధ్య భాగం) పూడుకుపోయిందా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకుంటోందా, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకపడిందా అని చూసుకోవాలి. అలాంటి బండికి ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగే. వేగం మీద ఎదురుగాలి ఎలాగూ కావలసినంత దొరుకుతుంది. బెల్టు ఫ్యాన్‌తో వచ్చిన చిక్కల్లా, దాని అవసరం ఎక్కువగా ఉండే స్లో స్పీడులోనే (బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) అది అతి తక్కువగా తిరగడం.

ఫ్యాన్ వెతకడం మొదలుపెట్టగానే అందరూ సీఎఫ్ఎం అంకె, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో, చెబుతారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. చాలావరకు అది ఎదురుగా ఏ అడ్డూ లేకుండా కొలిచిన అంకె. దట్టమైన ఫిన్స్ (ట్యూబుల మధ్య ఉండే పల్చటి రేకులు) ఉన్న కోర్ ముందుంటే, దానికి తోడు ఏసీ కండెన్సర్ కూడా ఉంటే, అసలు వచ్చే గాలి బాగా తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో పెట్టె మీద రాయరు. అందుకే మూడు కొలతలు పట్టుకుని కూర్చున్నాను: కోర్ సైజు, కోర్‌కీ వాటర్ పంప్‌కీ మధ్య ఉన్న జాగా, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) ఇవ్వగల కరెంటు.

నా రేడియేటర్ కోర్ 46 సెంటీమీటర్ల వెడల్పు, 38 ఎత్తు. 16 అంగుళాల ఫ్యాన్ అంటే 40 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి ఎత్తులో పట్టదు. 9 అంగుళాలవి రెండు పక్కపక్కన పెడితే వెడల్పు సరిగ్గా సరిపోతుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది. కానీ లెక్కేస్తే ఆ రెండూ కలిసి కోర్‌లో సుమారు 47 శాతమే కప్పుతాయి. 14 అంగుళాలది ఒక్కటే 57 శాతం కప్పుతుంది. పైగా ఒకటే మోటారు, ఒకటే వైరింగు. 14 ఖాయం చేశాను.

పాత ఫ్యాన్, దాని వెనక ఉన్న స్పేసర్ తీసేశాక కోర్ నుంచి పంప్ పుల్లీ నట్టు దాకా 112 మిల్లీమీటర్లు వచ్చింది. ఫ్యాన్ మందం మోటారు దగ్గర 64, ష్రౌడ్ (కోర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఉండే రేకు తొడుగు) వల్ల ఇంకో 20 ముందుకు జరుగుతుంది. అంటే 28 మిగులుతుంది. అది ఎక్కువేం కాదు. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కదులుతుంది కదా, కనీసం 25 మిల్లీమీటర్లు వదలాలని నా లెక్క. జాగా ఇంకా తక్కువ ఉన్నవాళ్లు ఫ్యాన్‌ను కాస్త పక్కకు జరిపితే మోటారు పుల్లీకి ఎదురుగా రాకుండా ఉంటుంది. మందమంతా మోటారు దగ్గరే, అంచుల్లో పల్చగానే ఉంటుంది.

రేడియేటర్ వెనక బొత్తిగా జాగా లేకపోతే ముందు పెట్టి గాలి నెట్టే రకం తీసుకోవాలి. నేనైతే అది ఆఖరి దారి అంటాను. పరుగులో వచ్చే ఎదురుగాలికి అదే అడ్డం. వెనక పెట్టే ఫ్యాన్‌ను ముందు పెట్టి, వైర్లు తారుమారు చేస్తే సరి అనుకోవద్దు. తిరగడం అయితే తిరుగుతుంది కానీ బ్లేడు వంపు వ్యతిరేకంగా ఉంటుంది కాబట్టి గాలి సరిగా రాదు.

ష్రౌడ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, కోర్ మూలలు పనిలేకుండా ఉంటాయి. అల్యూమినియం రేకు వంచి చేయించాను, కోర్ అంచుల చుట్టూ రబ్బరు బీడింగ్ పెట్టాను. ఫ్యాన్‌తో పాటు కోర్‌లోంచి గుచ్చి బిగించే ప్లాస్టిక్ టైలు కూడా వస్తాయి. వాటిని పక్కన పడేశాను. అదురుకు అవి ఫిన్స్‌ను నలిపి చివరికి ట్యూబును కొరికేస్తాయి. ష్రౌడ్‌ను రేడియేటర్ పక్క చట్రానికే బోల్టులతో బిగించాను.

ఒక చిన్న విషయం. నా ఇంజిన్‌లో పాత ఫ్యాన్ బోల్టులే పంప్ పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాన్, స్పేసర్ తీసేశాక అవే పొడుగు బోల్టులు వేస్తే పుల్లీ బిగుసుకోకముందే మొన వెళ్లి వెనక తగలొచ్చు. అదే మరతో పొట్టి బోల్టులు వేశాను.

ఇక వేడిని బట్టి ఫ్యాన్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్. నా థర్మోస్టాట్ మీద 82 అని ఉంది, అంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. ఫ్యాన్ ఆగాల్సిన వేడి దీనికంటే పైన ఉండాలి. లేకపోతే ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి వేడి నీళ్లు తెచ్చే పై హోస్‌లో నీళ్లు అంతవరకు చల్లబడవు, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పై హోస్‌ను కోసి, మధ్యలో లోహపు అడాప్టర్ పెట్టి, 95 దగ్గర ఆన్, 86 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్ బిగించాను. చల్లబడ్డ నీళ్లు వచ్చే కింది హోస్‌లో పెట్టేవాళ్లు ఇంకాస్త తక్కువ డిగ్రీలది చూసుకోవాలి. ఒక పిన్ను స్విచ్ అయితే దాని ఎర్తు బాడీ నుంచే అందాలి, కానీ అడాప్టర్‌కి రెండు వైపులా రబ్బరే. అందుకే నేను రెండు పిన్నులది తీసుకున్నాను.

వైరింగు సంగతి: బ్యాటరీ ప్లస్ నుంచి, దగ్గరలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) 30 నంబరు పిన్నుకి వెళ్తుంది. 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి ఇగ్నిషన్ సప్లై, 85 నుంచి స్విచ్ మీదుగా ఎర్తుకి. ఫ్యాన్ కరెంటును మాత్రం తాళంచెవి స్విచ్ గుండా తీసుకోకూడదు. ఆ పాత కాంటాక్టులు అంత భారం మోయలేవు. పైగా గాలికి తిరుగుతున్న మోటారు తానే కరెంటు పుట్టించి ఇగ్నిషన్‌లోకి వెనక్కి పంపితే, తాళం తీశాక కూడా ఇంజిన్ కాసేపు ఆగకపోవచ్చు. ఫ్యాన్ ఎర్తును సన్నటి బాడీ రేకుకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కే కలిపాను. ఫ్యాన్ తిరుగుతుండగా మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.4, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 13.1 వోల్టులు వచ్చాయి. అది చాలు.

గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి కోర్ ముందు కాగితం ముక్క పెట్టాను. ఠక్కున అతుక్కుంది, మూలల దగ్గర కూడా. కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాకా క్యాప్ తీసి నడిపించాక, క్యాప్ బిగించి ఎండలో స్లో స్పీడులో వదిలేశాను. ముల్లు సగం దాటి కొద్దిగా పైకి వెళ్లగానే రిలే టక్కుమంది. ఫ్యాన్ సుమారు రెండు నిమిషాలు తిరిగి ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది. ఎర్ర గీత వైపు పోలేదు.

మిగిలింది కరెంటు. క్లాంప్ మీటర్‌లో ఫ్యాన్ 14 ఆంపియర్లు చూపించింది. హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్, ఇగ్నిషన్ అన్నీ కలిపి ఇంకో 24. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్నది 45, అదీ ఇంజిన్ బాగా తిరిగినప్పటి మాట. స్లో స్పీడులో అన్నీ వేస్తే బ్యాటరీ వోల్టేజి 12.3కి పడిపోతోంది, అంటే లోటంతా బ్యాటరీయే పూడుస్తోంది. పగటిపూట ఇబ్బంది లేదు. వాన పడే రాత్రి ట్రాఫిక్‌లో మాత్రం టెన్షనే.

65 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఒకటి చూసి పెట్టాను. పుల్లీ బెల్టు వరసలోకి రావాలి, బెల్టు బిగించే పట్టీ రంధ్రం కలవాలి. దాంతోపాటు బ్యాటరీకి వెళ్లే చార్జింగ్ వైరు కూడా మందంది వేయాలి. పాతదాన్ని 45కి సరిపోయేలాగే వేశారు.