ఐదో సెకనులో వాచీ

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. బయట గాలి ఒకటే హోరు. అన్నం దగ్గర ముభావంగా ఉన్నానని బావ రెండుసార్లు అడిగాడు, ఏం లేదన్నాను. ఉంది. రాసేస్తే గాని పోయేలా లేదు.

పొద్దున ఇక్కడ ఈజిప్టులోని బ్లూ హోల్‌లో (సముద్రంలో లోతైన గుంట) 28 మీటర్ల ఫ్రీడైవ్, అంటే సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరి బిగబట్టి. పైకొచ్చి, నీళ్ళ మీద తేలే బోయా పట్టుకుని మూడో ఊపిరి తీసుకునేసరికి, నా కళ్ళెదురుగా ఉండాల్సిన మొహం లేదు. నాకు కాపలాగా డైవ్ చేసే కుర్రాడు తల వంచుకుని వాచీ చూస్తున్నాడు. నేను తేలి ఐదు సెకన్లయినా కాలేదు. తర్వాత తలెత్తి "అక్కా, ఒక నిమిషం నాలుగు" అన్నాడు. నేను పలకలేదు.

తేలాక 30 సెకన్లు మొహం మీంచి చూపు తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఇది చాదస్తం కాదు. 28 మీటర్ల దగ్గర ఒత్తిడి 3.8 బార్. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తరిగిపోతున్నా ఆ ఒత్తిడికి రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే అడుగున అంత హాయిగా ఉంటుంది. 10 మీటర్లకు వచ్చేసరికి 2 బార్, పైకొస్తే 1. ఆఖరి పది మీటర్లలోనే ఒత్తిడి సగమైపోతుంది, దాంతో పాటే ఆక్సిజన్ అందడమూ పడిపోతుంది. పైన పీల్చిన మొదటి గాలి రక్తంలో కలిసి మెదడుకు చేరడానికి పది సెకన్ల పైనే పట్టొచ్చు. ఈలోగా మెదడుకు అందేది కింద నుంచి మోసుకొచ్చిన పాత రక్తమే. నవ్వుతూ ఓకే చెప్పిన మనిషి పన్నెండో సెకనులో నీళ్ళలోకి జారిపోవడం ఇందుకే.

పైకి రాగానే ఉఫ్ఫని గాలంతా వదిలేసేవాళ్ళను చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ పారబోసుకోవడమే అది. కొంచెమే వదిలి, గట్టిగా పీల్చి, ఒక్క క్షణం ఛాతీ బిగించి, మళ్ళీ కొంచెం వదిలి పీల్చాలి. అలా ఐదారు హుక్ బ్రీత్‌లు అయ్యాకే మాస్క్ తీయడం, మాట్లాడటం. ఎదుటివాడు చూడాల్సింది కూడా అప్పుడే: పెదాల రంగు, ఎటూ చూడని కళ్ళు, వణికే గడ్డం, ఊగే తల. తల ఊగుతోందంటే సాంబా (ఆక్సిజన్ తగ్గి ఒళ్ళు స్వాధీనం తప్పి వణకడం) మొదలైనట్టే. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి నోరు ముక్కు నీళ్ళకు పైన ఉంచాలి. పూర్తిగా స్పృహ తప్పితే మాస్క్, నోస్‌క్లిప్ లాగేసి, కళ్ళ కింద ఊది, చెంప తట్టి, పేరు పెట్టి "ఊపిరి తీసుకో" అని అరవాలి. పది సెకన్లకూ రాకపోతే నోట్లో నోరు పెట్టి రెండు శ్వాసలు ఇవ్వాలి. వాచీ చూసుకుంటున్నవాడికి ఇవన్నీ మొదలుపెట్టడానికే ఆలస్యమైపోతుంది.

ఇక్కడ ఈ మాటలు ఎప్పుడు వచ్చినా స్టీఫెన్ కీనన్ గుర్తొస్తాడు. 2017 జులై 22, ఇదే బ్లూ హోల్. ఇటలీ డైవర్ అలెస్సియా జెక్కీని ఆర్చ్ దాటడానికి దిగింది. 50 మీటర్లకు మించిన లోతులో ఉన్న రాతి సొరంగం అది, నెత్తిన కొండ, పైకి దారి లేదు. అవతలి వైపు ఆమెను అందుకోవాల్సినవాడు ఐర్లండ్‌కు చెందిన కీనన్. ఎన్నో పోటీల్లో అందరి ప్రాణాలకూ కాపలా ఉన్నవాడు. అనుకున్న సమయం కన్నా కాస్త ఆలస్యంగా దిగాడు. ఆమె సొరంగం దాటి వచ్చింది గాని, పైకెక్కాల్సిన తాడు కనబడక పక్కకు ఈదుకుంటూ పోయింది. కీనన్ వెంటాడి పట్టుకుని ఆమెను పైకి తీసుకొచ్చాడు. తాడుకు దూరంగా తేలారు. ఆమె బతికింది. ఆయన నీళ్ళ మీద బోర్లా తేలుతూ దొరికాడు. 39 ఏళ్ళు.

ఆయన్ని తలుచుకుంటే నాకు మొదట వచ్చే ఆలోచన, కాపలా ఉన్న మనిషికి కూడా కాపలా ఉండాలని. లోతు డైవ్ అయితే 30 మీటర్లకు ఒకరు, 10 మీటర్లకు ఇంకొకరు, పైన బోయా దగ్గర మూడో మనిషి. ఆ తర్వాత గుర్తొచ్చేది ఆ ఆలస్యం. కొన్ని సెకన్లంతే. అలాంటప్పుడు వాచీ చూడొద్దని ఎలా అంటాను?

ఇంతసేపూ తిట్టుకుని ఇప్పుడు ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే డైవ్‌కి ముందు, నా పాత డైవ్ కంప్యూటర్ (లోతు, టైము చూపే చేతి గడియారం) పట్టీ తెగిందని, "ఎంతసేపు పట్టిందో చూసి చెప్పు" అన్నది నేనే. వాడు చెప్పింది చేశాడు. "ఒక నిమిషం నాలుగు" అన్నది నేనడిగిన దానికి జవాబే. లోతు 28ని 5తో భాగించి, దాదాపుగా లెక్కేసి, డైవ్‌కీ డైవ్‌కీ మధ్య ఆరు నిమిషాలు ఆగుతాం కదా, ఆ ఆరు నిమిషాలూ బోయా మీద వాలి మొహం మాడ్చుకున్నాను. పాపం వాడు తాడు సర్దుతూ కూర్చున్నాడు.

వాచీతో వాడికి పని ఉంది, కానీ దాని వేళ వేరే. సెకనుకు ఒక మీటరు చొప్పున దిగి, తిరిగి ఎక్కితే నేను 10 మీటర్లకు వచ్చేది దాదాపు 46వ సెకనుకు. వాడు 36కి బయల్దేరితే సరిగ్గా అక్కడ నన్ను కలుస్తాడు. అక్కడి నుంచి ఇద్దరం మొహామొహాలు చూసుకుంటూ రావాలి. ఆ కలుసుకోవడంతో వాచీ పని అయిపోయింది. టైము నాకు కావాలంటే నా చేతికే ఉండాలి. కాపలా ఉన్నవాడికి ఆ ముప్ఫై సెకన్లలో రెండో పని అప్పజెప్పకూడదు, ఓకే చెప్పించుకోవడం కూడా ఆఖర్నే.

ఇంత గొడవలో అసలు సంగతి మరిచాను. ఇవాళ మౌత్‌ఫిల్ (లోతులో చెవుల మీద ఒత్తిడి సర్దుకోవడానికి నోట్లో గాలి దాచుకోవడం) నిలిచింది! 20 మీటర్ల దగ్గర బుగ్గల్లోకి నింపుకున్న గాలి, గొంతు బిగించి, మింగకుండా అడుగు దాకా. తాడు చివరనుండే ప్లేటు కోసం తలెత్తి చూడలేదు, అక్కడ తాడుకున్న టెన్నిస్ బంతి చేతికి తగిలేదాకా గడ్డం లోపలికే.

వాడికి మెసేజ్ పెట్టాను, వాచీ తప్పు నాదేనని. "పడుకో అక్కా" అన్నాడు. పట్టీకి జిప్ టై కట్టాను, కదలట్లేదు. రేపు ఆరున్నరకు నీళ్ళలోకి. మొదటి గంటా 12 మీటర్లకే, లోతు వద్దు. తేలాక ఆ ముప్ఫై సెకన్లు చూడటం ఒక్కటే, వంతులవారీగా.