చవక బేస్ గిటార్‌ని దారికి తెచ్చుకున్న వైనం

నా వేళ్లు పొట్టివి. అందుకే బేస్ గిటార్ కొనాలనుకున్నప్పుడు బ్రాండ్ల జోలికి పోకముందే స్కేల్ పొడవు సంగతి చూశాను. నెక్ అనే పొడవాటి కాడ చివర తీగలు ఆనే గాడుల పట్టీని నట్ అంటారు. అక్కడి నుంచి, బాడీ మీద తీగలు బిగించే బ్రిడ్జ్‌లో ఒక్కో తీగా ఆనే సాడిల్ దాకా తీగ మోగే పొడవునే స్కేల్ అంటారు. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు అది 34 అంగుళాలు. ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి అదే కొలత. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు కూడా దొరుకుతాయి. నాలుగు అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే నట్‌కీ మొదటి ఫ్రెట్‌కీ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మధ్య దూరం పొడవు దాంట్లో 48 మిల్లీమీటర్లు దాటుతుంది, పొట్టి దాంట్లో 43 కూడా ఉండదు. వరసగా నాలుగు ఫ్రెట్లు పట్టాలంటే ఆ తేడా అంతా చిటికెన వేలి మీదే పడుతుంది.

రెండూ వాయించి చూశాను. షార్ట్ స్కేల్ చేతికి హాయిగానే ఉంది. కానీ అదే మందం తీగని అదే శ్రుతికి బిగిస్తే పొట్టి స్కేల్ మీద బిగువు తగ్గుతుంది. నేను కాస్త గట్టిగా మీటే రకం కావడంతో అన్నిటికంటే లావు తీగ మరీ వదులుగా అనిపించింది. పైగా షార్ట్ స్కేల్‌కి సరిపోయే తీగల రకాలు తక్కువ. చివరికి 34 అంగుళాలదే ఖాయం చేసుకుని, వాయించే పద్ధతి మార్చుకున్నాను. నట్ దగ్గరి ఫ్రెట్లలో డబుల్ బేస్ వాళ్లలా చేతిని మూడు ఫ్రెట్లకే పరుస్తాను. చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు పని చేస్తాయి, ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా ఉంటుంది. ఐదో ఫ్రెట్ దాటాక ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు మామూలే.

పొడవు తేలాక నెక్ వెడల్పు. ప్రెసిషన్ నెక్ నట్ దగ్గర దాదాపు 41 మిల్లీమీటర్లు ఉంటుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్ నెక్ అక్కడ 38 మాత్రమే. కాగితం మీద మూడు మిల్లీమీటర్లు, చేతిలో మాత్రం చాలా తేడా. అలా నా వెతుకులాట జాజ్ తరహా సన్న నెక్ ఉండి, మధ్యలో ప్రెసిషన్ పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్ట), బ్రిడ్జ్ దగ్గర జాజ్ పికప్ ఉన్న బేస్‌ల మీదికి మళ్లింది. వీటిని పీజే బేస్‌లంటారు. చవక రకాల్లో ఈ అమరిక బాగానే దొరుకుతుంది. స్క్వయర్, యమహా, ఐబనేజ్ లాంటి పేర్లున్న తొలి మెట్టు మోడళ్లన్నీ చేతిలోకి తీసుకుని చూశాను. కొన్నది మాత్రం వాడిన బేస్. ఏ కంపెనీదో చెప్పను, లోపలి సరుకు చాలావరకు మారిపోయింది కాబట్టి ఆ మంచిచెడ్డలు ఇప్పుడు వాళ్లకి అంటగట్టడం న్యాయం కాదు.

యాక్టివ్ సర్క్యూట్ (బేస్ లోపలే ఉండే చిన్న యాంప్ లాంటిది) ఉన్నవి కావాలనే పక్కన పెట్టాను. వాటిలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చాలా బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించకపోయినా, అది ఖర్చవుతూనే ఉంటుంది. నాలాంటి మతిమరుపు మనిషికి ఆ టెన్షన్ ఎందుకు? బ్యాటరీ లేని పాసివ్ బేస్‌లో రెండు వాల్యూమ్ నాబ్‌లు, ఒక టోన్ నాబ్ ఉంటే చాలు.

వాడిన బేస్ చూసేటప్పుడు లోపాలని రెండు గంపల్లో వేసుకుంటూ పోయాను: బాగుచేయగలిగేవి, చేయలేనివి. చేయలేనివి నిజానికి రెండే. ఒకటి మెలితిరిగిన నెక్. బాడీ వైపు నుంచి నెక్ పొడవునా కన్ను ఆనించి చూస్తే, రెండు అంచులూ సమంగా ఉన్నాయో, ఒకవైపు లేచిందో తెలుస్తుంది. ముందుకో వెనక్కో వంగితే సరిచేయొచ్చు గానీ, మెలిక పడితే చవక బేస్ మీద ఆ ఖర్చు దండగ. రెండోది తిరగని ట్రస్ రాడ్. నెక్ లోపల ఉండే ఈ ఇనుప కడ్డీయే వంపుని అదుపు చేస్తుంది. దాన్ని తిప్పే మర అరిగిపోయినా, చివరిదాకా బిగిసిపోయినా ఆ బేస్ నాకొద్దు. అమ్మేవాళ్లని అడిగి, వాళ్ల ముందే పావు చుట్టులో సగం తిప్పి చూశాను. గరగరమనే వాల్యూమ్, వదులైన జాక్ (కేబుల్ గుచ్చే చోటు), తుప్పు తీగలు, గీతలు పడ్డ పెయింటు మాత్రం ధర తగ్గించుకోవడానికి పనికొచ్చే సాకులు. ఇంకా ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా నొక్కి విన్నాను. అమ్మేవాళ్లకి విసుగొస్తుంది, రానివ్వండి.

ఇంటికి తెచ్చాక దేన్నీ మార్చకముందే ఒక పని చేశాను. నాలుగు తీగలూ తగిలే ఒక చిన్న స్వరాల వరస కట్టుకుని, కంప్యూటర్‌లో రికార్డు చేసి దాచాను. తర్వాత చేసిన ప్రతి మార్పుకీ ముందు, వెనక అదే వరస, అదే వేగంలో. ఒక షరతు పెట్టుకున్నాను: పోల్చేటప్పుడు రెండు రికార్డింగుల శబ్దం స్థాయి సమానం చేయాలి. కాస్త గట్టిగా వినిపించేదే చెవికి మంచిదనిపిస్తుంది. కొత్త పికప్ వేయగానే ప్రాణం లేచొచ్చిందనే వాళ్లలో ఎంతమందికి నిజానికి పెరిగింది వాల్యూమేనో అని నాకు అనుమానం. ఈ రికార్డింగులు లేకపోతే నా ఖర్చు ఇంకో దారిన పోయేది.

మొదటి పెద్ద మార్పు పైసా ఖర్చు లేని సెటప్‌తోనే, అంటే ఉన్నవాటినే సర్దడంతోనే వచ్చింది. దీనికి పనుల క్రమం ముఖ్యం, ఒకటి కదిలిస్తే తర్వాతది కదులుతుంది. శ్రుతి చేశాక ముందు నెక్ వంపు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీని కలిసే చోటా నొక్కి పట్టుకుంటే, ఏడో ఎనిమిదో ఫ్రెట్ పైన తీగకి దిగువన సన్నని సందు కనిపించాలి. 0.3 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక విజిటింగ్ కార్డు మందం. నా బేస్‌లో కార్డులు మూడు దూరాయి. ట్రస్ రాడ్‌ని కుడివైపు తిప్పితే నెక్ నిటారవుతుంది. ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, కర్ర సర్దుకోవడానికి మర్నాటిదాకా వదిలేశాను. తొందరపడే వాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మేలు.

తర్వాత తీగల ఎత్తు, వాడుకలో యాక్షన్. ఫెండర్ వాళ్ల సూచనల్లో 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగకి 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగకి 2 అని ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, నా మీటుడికి తీగ ఫ్రెట్‌కి తగిలి చిటపటలాడకుండా ఎంత దిగుతుందో అంత దించాను. యాంప్ లేకుండా చిన్న చిటపట వినిపించినా, యాంప్‌లో వినిపించకపోతే వదిలేయొచ్చు. చివర్లో ఇంటొనేషన్: 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు ముట్టి మోగించిన హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కి మోగించిన స్వరం ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే సాడిల్‌ని వెనక్కి, తక్కువైతే నెక్ వైపు. నాలుగు తీగల సాడిల్స్ మెట్లు మెట్లుగా నిలబడ్డాక, పై ఫ్రెట్లలో ఇన్నాళ్లూ నా చెవిదే లోపమనుకున్న అపశ్రుతి పోయింది.

నట్ మాత్రం నేను ముట్టుకోలేదు. మొదటి ఫ్రెట్ నొక్కితే స్వరం ఎక్కువ పలుకుతోందంటే నట్‌లోని గాడి లోతు చాలలేదని అర్థం. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ పైన సందు చూశాను. అక్కడ వెంట్రుక మందం ఉంటే చాలు, నాకు బాగా ఎక్కువ ఉంది. గాడిని అరగదీయొచ్చు, కానీ ఎక్కువైతే తిరిగి పూడ్చలేం. పైగా ఆ సన్న ఆకురాళ్ల సెట్టు కొంటే బేస్ ధరలో చెప్పుకోదగ్గ వాటా అక్కడే పోతుంది. గిటార్లు బాగుచేసే మనిషికి ఇచ్చాను. అదే చేత్తో నెక్ అంచుల్లో పొడుచుకొచ్చిన ఫ్రెట్ల చివర్లని కూడా గుండ్రం చేయించాను. చవక బేస్‌ని ఖరీదైన దానిలా అనిపించేలా చేసే పని ఇదే అని నా అభిప్రాయం. అరచేతికి ఏదీ గుచ్చుకోకపోతే మనసు వాయించడం మీదికి పోతుంది.

తీగల విషయంలో నా అభిరుచి ముందు నుంచీ పాత తరహాదే. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల మీద వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కి లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, ఏళ్ల తరబడి వాటిని మార్చేవాడే కాదు. కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. ఫ్లాట్‌వౌండ్ అంటే పైన చుట్టిన లోహం పట్టీలా చదునుగా ఉండే తీగ. రౌండ్‌వౌండ్‌లో గుండ్రని తీగ చుట్టి ఉంటుంది కాబట్టి గరుకుగా, మెరుపుగా మోగుతుంది. వేలు జరిపితే కీచుమంటుంది కూడా. ఫ్లాట్ల ధర ఎక్కువ, కానీ పాతబడే కొద్దీ నాకు ఇంకా నచ్చే రకం కాబట్టి కిట్టుబాటైంది. వాటి బిగువు ఎక్కువ కావడంతో నెక్ మళ్లీ ముందుకు వంగింది, సెటప్ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. తీగల రకం ముందే తేల్చుకుంటే ఆ పని ఒక్కసారితో పోతుంది.

బ్రిడ్జ్ దగ్గర తీగల కింద ఒక ఫోమ్ ముక్క కూడా దూర్చాను, ఏదో ప్యాకింగ్‌లో వచ్చినదే. స్వరం ఠక్కున ఆగుతుంది, దిటవుగా ఉంటుంది. రికార్డింగుల్లో సెటప్ తర్వాత అంత స్పష్టంగా తేడా చూపించింది ఈ తీగలూ ఫోమే.

ఇక కరెంటు భాగం. జాజ్ పికప్ ఒక్కటీ పెట్టి వాయిస్తే గుయ్‌మని హమ్ వచ్చేది. రెండూ పూర్తిగా తెరిచినా కొంత ఉండేది. ప్రెసిషన్ పికప్‌కి ఈ బాధ లేదు. 1957 నుంచి అది రెండు ముక్కలుగా వస్తోంది, ఒకదానిలో తీగ చుట్టిన దిశ ఇంకోదానికి తిరగేసి ఉండటంతో బయటి హమ్ రెండిట్లో ఎదురెదురై రద్దవుతుంది. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు జరిగేదీ అదే. పీజేలో మాత్రం జాజ్ పికప్‌కి జోడీ లేదు. అందుకని పికప్‌లు, నాబ్‌లు ఉండే గుంటల నిండా రాగి రేకు టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కి కలిపాను. హమ్ పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. గరగరలాడే పొటెన్షియోమీటర్లు (నాబ్‌ల కింద తిరిగే భాగాలు) తీసేసి కొత్త 250 కిలో ఓమ్‌లవి, వదులు జాక్ బదులు గట్టిది వేశాను. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వస్తే ఒక మధ్యాహ్నం పని.

టోన్ నాబ్‌కి జోడించి ఉండే కెపాసిటర్ (శబ్దంలో మెరుపుని తగ్గించే భాగం) గురించి జనం చెప్పే కథలు ఇన్నీ అన్నీ కావు. మామూలుగా వేసేది 47 నానోఫారడ్లు. నేను 100ది పెట్టి చూశాను. టోన్ పూర్తిగా మూస్తే ఇంకా మబ్బుగా అయింది, పూర్తిగా తెరిస్తే రికార్డింగులో రెండూ ఒకేలా ఉన్నాయి. విలువ ఒకటే అయినప్పుడు చవకది, పాతకాలపు నూనె రకం ఖరీదైనది వేరుగా పలుకుతాయంటే నేను నమ్మను.

పికప్ మార్చాలనే కోరిక అందరిలాగే నాకూ ఉండేది. ఒక స్నేహితుడి దగ్గర వాడకుండా పడి ఉన్న మంచి పేరున్న ప్రెసిషన్ పికప్ అడిగి తెచ్చి, వేసి, రికార్డు చేశాను. తేడా ఉంది. కానీ పాత పికప్‌తోనే కుడిచేతిని బ్రిడ్జ్ దగ్గర నుంచి నెక్ వైపు ఒక బెత్తెడు జరిపితే వచ్చే తేడా అంతకంటే చాలా పెద్దది. పికప్ తిరిగి ఇచ్చేశాను. బదులుగా పాతదాని ఎత్తు సర్దాను. తీగకి మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి స్వరం వణుకుతుంది, దూరమైతే బలం తగ్గుతుంది.

మిగిలిన డబ్బు శబ్దం బయటికొచ్చే దారికి పెట్టాను. లావు తీగ స్వరం 41 హెర్ట్జ్. ఎనిమిది అంగుళాల స్పీకరున్న చిన్న ప్రాక్టీస్ యాంప్ దాన్ని సరిగా పలికించలేదు. మనకి ఎక్కువగా వినిపించేవి పైనున్న 82, 123 హెర్ట్జ్ హార్మోనిక్సే, మూలస్వరాన్ని చెవి ఊహించుకుంటుంది. ఇంట్లో సాధనకి అందుకే ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), మంచి హెడ్‌ఫోన్లు తీసుకున్నాను. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ప్రత్యేకంగా ఉండే హై-జీ ఇన్‌పుట్‌లోనే గుచ్చాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పాసివ్ పికప్ మెరుపంతా కోల్పోతుంది. డ్రమ్స్ పక్కన వినపడాలంటే కొన్ని వందల వాట్లు కావాలి, అంత యాంప్ నేను కొనలేదు. రిహార్సల్ గదిలో ఉన్నదే వాడతాను.

ఒక చిన్న సంగతి మిగిలింది. నిలబడి వాయిస్తే హెడ్ కిందికి వాలేది, ఎడమ చేయి దాన్ని మోస్తూనే ఉండాలి. లోపలి వైపు గరుకు తోలున్న వెడల్పాటి స్ట్రాప్ చొక్కాని పట్టుకుని చాలావరకు ఆపింది. తేలిక ట్యూనింగ్ కీలు వేస్తే పూర్తిగా పోతుందంటారు, నాలుగింటి ధర చూసి ఆగాను.

ఇప్పుడు మా బ్యాండులో వాళ్లు ఐదు తీగల బేస్ తెమ్మంటున్నారు, 31 హెర్ట్జ్ దాకా దిగే ఆ అడుగు తీగ కోసం. ఇదే బేస్‌కి లావు తీగల సెట్టు వేసి శ్రుతి దించే దారి ఉంది, కానీ నట్ గాళ్లు వెడల్పు చేయించాలి, నా ఫ్లాట్లు తీసేయాలి. ప్రస్తుతానికి లావు తీగనొక్కదాన్నే ఇ నుంచి డి స్వరానికి దించి, అంతకంటే కిందికి పోయే పాటల్లో పై స్థాయిలో వాయిస్తున్నాను.