‘ఏం కాదులే’ అన్నందుకు

“ఏం కాదని నీకెవరు చెప్పారు? గాజు చెప్పిందా?”

మా మేస్త్రీ అన్న ఈ ఒక్క మాటకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. జర్మనీలో లౌషా అనే కొండ ఊళ్లో, మంట దగ్గర కూర్చుని గాజు మలిచే వర్క్‌షాపులో చేరి ఎనిమిది నెలలైంది. 1597లో మొదటి బట్టీ వెలిగినప్పటి నుంచి ఈ ఊరికి గాజే కూడు పెడుతోంది. మనుషులకు పెట్టే గాజు కళ్లు 1835లో మ్యూలర్-ఉరి అనే గాజు పనివాడు చేసిందీ ఇక్కడే.

జరిగింది చిన్న విషయం. సాయంత్రం ఒక పిట్ట బొమ్మ పూర్తి చేసి, మెల్లగా చల్లార్చే బట్టీలో పెట్టకుండా బల్ల మీదే ఉంచాను. ఎందుకని అడిగితే, ఏం కాదులెండి అన్నాను. నా తప్పే, కానీ పూర్తిగా నాదేనా? క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే పల్చటి గాజు బుడగలను రోజూ మంట నుంచి తీసి నేరుగా స్టాండుకే తగిలిస్తాం. వాటికి బట్టీ అక్కర్లేదు, లోపలా బయటా ఒకేసారి చల్లారతాయి. పిట్ట మాత్రం బోరోసిలికేట్ అనే, వేడికి తట్టుకునే గాజు కడ్డీతో చేసిన లావుపాటిది. పైన ముందే గట్టిపడిపోతుంది, లోపల ఇంకా వేడి. ఆ లోపలిది తర్వాత ముడుచుకుంటూ పైదాన్ని లాగుతుంది. అందుకే 560 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, మెల్లగా దించాలి. తెలుసు. తెలిసీ అన్నాను.

మన దగ్గర ‘ఏం కాదులే’ అంటే నిర్లక్ష్యం కాదు కదా, ఎదుటివాళ్లకు ధైర్యం చెప్పడం. వీళ్లకీ ‘పాస్ట్ షోన్’ అని అచ్చం అలాంటి మాటే ఉంది, నేనన్నది అదే! జర్మన్‌లో తప్పేం లేదు.

మర్నాడు కోటు విప్పుతుంటే టిక్‌మని వినిపించింది. రెక్క ఊడి బల్ల మీద పడింది.

ఆయన తిట్టలేదు. కాంతిని ఒకే దిశలో వడకట్టే రెండు పోలరాయిడ్ పలకలు తెచ్చి ఒకదానికొకటి అడ్డంగా పట్టుకుని, వెనక దీపం వెలిగించారు. అంతా నలుపు. మధ్యలో బట్టీలోంచి తీసిన పిట్టను పెడితే అదీ నలుపే. నా పిట్టను పెడితే మెడ దగ్గర తెల్లగా మెరిసింది.

“ఇదీ గాజులో టెన్షన్,” అని వెళ్లిపోయారు.

ఊడిన రెక్కను కూడా పెట్టి చూశాను. దాదాపు నల్లగానే ఉంది. అంచున మాత్రం జుట్టంత తెల్ల గీత.