వానల నెలల్లో తేనెటీగలకు చక్కెర పాకం

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తేనెపెట్టెలు పెట్టుకున్నవారికి కష్టకాలం వస్తుంది. అల్పపీడనం ఏర్పడి రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు ఈగలు మేతకు వెళ్లలేవు. మామిడి పూతకేమో ఇంకా చాలా గడువుంటుంది. ఆ మధ్యకాలంలో నిల్వలు అడుగంటితే మన నాటు ఈగ, అంటే సెరానా జాతి, ఆకలికి తాళలేక రాణితో సహా గూడు వదిలి వెళ్లిపోతుంది.

పాకం పెట్టే ముందు, పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలను తీసి చూడాలి. పిల్లగదుల పైభాగాన మూతవేసిన తేనె వెడల్పుగా కనిపిస్తే తొందర లేదు. అక్కడ గదులు ఒట్టిగా ఉంటే ఆ సాయంత్రమే పెట్టాలి.

చక్కెర, నీళ్లు సమపాళ్లలో తీసుకుని, నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దించి, అప్పుడే చక్కెర కలపాలి, ఎందుకంటే మాడిన చక్కెర ఈగలకు హాని చేస్తుంది. మన వైపు బెల్లానికి కొదవ లేదు కనుక అదే పెట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పెట్టకూడదు, అందులోని ఖనిజాలు, మడ్డి అరగక, వానకు పెట్టెలోనే ఉండిపోయిన ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. అంగట్లో కొన్న తేనె కూడా వద్దు, దానితోపాటు పిల్లపురుగులను కుళ్లబెట్టే రోగం రావచ్చు.

మూతకు సన్నటి చిల్లులు పొడిచిన సీసాను చట్రాల మీద బోర్లిస్తే, మొదట నాలుగు చుక్కలు రాలి, ఆ తర్వాత పాకం నిలిచిపోతుంది. ఈగలు చిల్లుల చుట్టూ చేరి నాలుకతో పీల్చుకుంటాయి. ఈ పని పొద్దుగూకాకే చేయాలి, ఒక్క చుక్క కూడా బయట ఒలకకూడదు. ఆ వాసనకు బలమైన పెట్టెల ఈగలు బలహీనమైన వాటిపై దోపిడీకి దిగుతాయి కనుక, అన్నింటికీ ఒకే సాయంత్రం పెట్టి, ద్వారాలను ఇరుకు చేయడం మంచిది.

రాణి పెట్టిన గుడ్డు కూలి ఈగ కావడానికి దాదాపు మూడు వారాలు, ఆ ఈగ మేతకు వెళ్లడానికి దాదాపు మరో మూడు వారాలు పడుతుంది. కాబట్టి జనవరి పూతకు బలగం సిద్ధం కావాలంటే నవంబరు నడిమికే కొద్దికొద్దిగా పాకం అందించాలి. అయితే చక్కెరలో మాంసకృత్తులు లేవు. పుప్పొడి రాకపోతే పాకం ఒక్కటే పిల్లలను పెంచలేదు.

పూత మొదలై, పై అరలో తేనె చట్రాలు పెట్టకముందే పాకం ఆపివేయాలి. ఆ తర్వాత కూడా పెడితే మనం అమ్మే సీసాలోకి చేరేది తేనె కాదు, ఈగలు దాచిన చక్కెర. దాన్ని తేనె పేరుతో అమ్మడం మోసమే. నా మట్టుకు నేను, తేనె తీసేటప్పుడే కింది అరలోని తేనెను ఈగలకే ముట్టుకోకుండా వదిలేయడం పాకం కంటే మేలని నమ్ముతాను.