మేడ మీద అడవి బిళ్ళగన్నేరు: జూన్ నుంచి అక్టోబరు దాకా

జూన్: భీమిలి రోడ్డు పక్క ఇసుకలో ఎవరూ నాటకుండా మొలిచిన బిళ్ళగన్నేరు కాయలు కోసుకొచ్చాను. నర్సరీలో కొన్న హైబ్రిడ్ విత్తనం పక్కనే దీన్నీ వేసి, మన ముసురుకి ఏది నిలుస్తుందో చూడాలని. ట్రేలో సగం ఇసుక, సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు). ఈ విత్తనం చీకట్లోనే బాగా మొలుస్తుంది, అందుకే పైన మట్టి చల్లి తడి గోనెపట్టా కప్పాను. మొలక కనిపించగానే పట్టా తీసెయ్యాలి, లేకపోతే నారు సన్నగా సాగిపోతుంది.

జులై: మూడు జతల ఆకులు రాగానే కుండీల్లోకి మార్చాను. రెండు రకాలనీ కొన్ని నల్లమట్టిలో, కొన్ని ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో పెట్టాను.

ఆగస్టు: ముసురు పట్టింది. నల్లమట్టిలో రెండు రకాలూ మొదలు నల్లబడి వాలిపోయాయి. నీళ్లు నిలిస్తే ఫైటాఫ్తోరా తెగులు ఈ మొక్కని ఇట్టే పట్టేస్తుంది. ఇటుక ముక్కల కుండీల్లో హైబ్రిడ్లు కొన్ని పోయాయి, అడవివి అన్నీ నిలిచాయి. పిట్టగోడ పగుళ్లలో, రైలుకట్ట కంకరలో ఇది ఎందుకంత సుఖంగా ఉంటుందో నాకు ఇక్కడే తెలిసింది. అక్కడ ఎరువుండదు, కానీ నీళ్లూ నిలవవు. పైగా ఆకు చేదు, విషం; మేకలు కూడా ముట్టవు.

మడగాస్కర్ మొక్క ఇది. 18వ శతాబ్దంలో పూలకోసం యూరప్ తోటలకెక్కి, వేడి దేశాలన్నిట్లో తోట దాటి స్థిరపడింది. అలాగని లాంటానాలా అడవిని కమ్మేసే రకం కాదు. పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇచ్చే విన్‌క్రిస్టీన్ దీన్నుంచే వచ్చింది. అంత బలమైన మందున్న ఆకుని షుగరుకని పచ్చిగా నమిలేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

సెప్టెంబరు: పూత. అడవి మొక్కలు మోకాలెత్తు సాగి గులాబీరంగు, ఎర్ర కన్నున్న తెలుపు పూశాయి. ఒక పువ్వు గొట్టాన్ని సూదితో నిలువునా చీల్చాను. పుప్పొడంతా పైన ఇరుకు గొంతులో ఉంది, లోపల సన్నని నూగు. పొడవైన తొండమున్న సీతాకోకచిలుకకే అడుగునున్న తేనె అందుతుంది.

అక్టోబరు: పువ్వుకి రెండేసి కాయలు, నిటారుగా, సన్నగా. పచ్చదనం పోయి పసుపు తిరగగానే కొయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే పక్కకి పగిలి, గాడి ఉన్న నల్లటి గింజలు రాలిపోతాయి. పండుతున్న కాయలకి పల్చటి గుడ్డసంచులు కట్టాను. రంగుల వారీగా కాగితం పొట్లాల్లో నీడన ఆరబెడుతున్నాను.

బిళ్ళగన్నేరు ప్రజాతి పేరు కేథరాంథస్. అందులో ఒక్కటి తప్ప మిగతా జాతులన్నీ మడగాస్కర్‌వే. ఆ ఒక్కటి కేథరాంథస్ పుసిల్లస్, మనదేశంలోనూ శ్రీలంకలోనూ సహజంగా పెరిగేది. చిన్న తెల్లపువ్వులు పూసే చిట్టి మొక్క, పొలాల్లో కలుపని పీకేస్తుంటారు. వచ్చే తొలకరికి దాని విత్తనం సంపాదించి ఇదే మట్టిలో, ఇదే వరసలో వేస్తాను.