రావు గారి ఇంటిపేరు ఏ డబ్బాలో వెయ్యాలి?

ఏదైనా యూనివర్సిటీ రిపాజిటరీ, అంటే థీసిస్‌లు, పేపర్లు ఆన్‌లైన్‌లో దాచే చోటు, తెరిస్తే నేను ముందు చూసేది లింకు. అందులో 123456789 అని కనిపించిందంటే చాలు, కథంతా అర్థమైపోతుంది, ఎవరో నాలాంటి వాళ్లే తంటాలు పడి డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, లింకులో సంస్థకి గుర్తుగా ఉండే సొంత హ్యాండిల్ నంబర్ కోసం డబ్బు కట్టే ఫైలు ఎక్కడో టేబుల్ మీద పడుంది, సరే తర్వాత చూద్దాంలే అని వదిలేశారు. ఆ నంబరు సాఫ్ట్‌వేర్‌తో పాటు ఊరికే నమూనాకి వచ్చేది. కొత్త ఫోను మీద ప్లాస్టిక్ కాయితం పీకకుండా ఏళ్ల తరబడి వాడుకున్నట్టన్నమాట. మన దేశంలో ఇలాంటివి బోలెడున్నాయి, మాదీ అదే, నవ్వకండి.

నేను లైబ్రరీ మనిషిని, సర్వర్ల మనిషిని కాదు. మా దగ్గర థీసిస్‌లు, పేపర్లు అందరూ ఫ్రీగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టాలని పైనుంచి కాయితం వచ్చినప్పుడు "నీకు కంప్యూటర్ వచ్చుగా" అని నా నెత్తిన పెట్టారు. బడ్జెట్ ఎంత సార్ అనడిగితే, ఓపెన్ సోర్సే కదా అన్నారు. అంతే, ఆ మాటతో మీటింగ్ అయిపోయింది.

ఏది పెట్టాలి అన్నదాని మీద పెద్దగా ఆలోచించలేదు. ఈ పనికి పేరున్నవి రెండు. ఈప్రింట్స్ ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లది, 2000లో వచ్చింది. డీస్పేస్ అమెరికాలో ఎంఐటీ లైబ్రరీ, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి చేసి 2002 నవంబర్లో వదిలారు. తమాషా ఏంటంటే రాబ్ టాన్స్‌లీ అనే ఒకే మనిషి ముందు ఈప్రింట్స్ రాసి, తర్వాత హెచ్‌పీకి వెళ్లి డీస్పేస్‌నీ రాశాడు, అంటే రెండూ ఒక రకంగా తోడికోడళ్లు కూడా కాదు, అక్కాచెల్లెళ్లే. బెంగళూరు ఐఐఎస్సీ 2002లోనే ఈప్రింట్స్ పెట్టేసింది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌ది, ఐఐటీ హైదరాబాద్‌ది కూడా ఈప్రింట్సే. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే శోధగంగేమో డీస్పేస్. ఈప్రింట్స్ పెర్ల్ భాషలో రాసింది, డీస్పేస్ జావాలో, నాకు రెండూ రావు, కాబట్టి ఫోన్ చేస్తే ఎత్తి చెప్పేవాళ్లు దేనికి ఎక్కువమంది ఉన్నారో చూసుకుని డీస్పేస్ వైపు పోయాను.

ఎక్కించడం గురించి ఎక్కువ రాయను, యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. ఒక్కటి మాత్రం చెప్తా, 2021లో డీస్పేస్ 7వ వెర్షన్ వచ్చినప్పట్నుంచి ఇది రెండు ముక్కలైంది, జనానికి కనపడే ముందు భాగం యాంగ్యులర్‌లో వేరే, వెనక జావా భాగం వేరే, పక్కన వెతుకులాటకి సోలర్, డేటాకి పోస్ట్‌గ్రెస్, ఇన్నింటినీ మోయాలి. మా పాత 4 జీబీ మెషిన్ మీద మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అది ఎండాకాలం ఘాట్ రోడ్డు ఎక్కుతున్న ఆర్టీసీ బస్సులా మూలిగింది.

అసలు తలనొప్పి అది కాదు. సర్వర్ నిలబడ్డాక పేపర్ ఎక్కిద్దామని ఫారం తెరిస్తే రచయిత పేరు దగ్గర రెండు డబ్బాలుంటాయి, ఒకటి లాస్ట్ నేమ్, ఒకటి ఫస్ట్ నేమ్. ఇక్కడే నా బండి ఆగిపోయింది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, మరి అది లాస్ట్ నేమ్ ఎట్లా అవుతుంది? సరే అర్థం చూసుకుని ఇంటిపేరునే అందులో వేద్దామంటే ప్రపంచం అలా రాయట్లేదు. సి.ఆర్. రావు గారినే తీసుకోండి, స్టాటిస్టిక్స్‌లో అంత పెద్దాయన, ఇంటిపేరు కల్యంపూడి, కానీ పుస్తకాల్లో అన్నిచోట్లా ఆయన ఇంటిపేరు రావు అయిపోయింది, క్రామర్-రావు అని సూత్రానికే ఆ పేరు పడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద వేసిన పేపర్ ఇప్పటికీ జనం ఉదహరిస్తారు, అక్కడ ఫిస్కే-సుబ్బారో అంటే తప్ప యల్లాప్రగడ అంటే ఎవరికీ తెలీదు. అంత పెద్దవాళ్లకే అలా అయితే మా డిపార్ట్‌మెంట్ వాళ్ల సంగతి చెప్పేదేముంది.

మా కెమిస్ట్రీ సార్ ఒకాయన మా రిపాజిటరీలో ఆరుగురయ్యారు. ఇనీషియల్స్ ముందు పెట్టి ఒకరు, వెనక పెట్టి ఒకరు, చుక్కలతో ఒకరు, చుక్కల్లేకుండా ఒకరు, ఇంటిపేరు పూర్తిగా రాసి ఒకరు, అదే ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఎక్కువై ఇంకొకరు. ఆయన పేరు మీద నొక్కితే నాలుగు పేపర్లు కనిపించాయి, "నావి నలభై ఉండాలి కదయ్యా" అని ఆయన కిందికి దిగొచ్చారు. ఇంకో మేడమ్‌ది ఇంకా చిక్కు, పీహెచ్‌డీ పెళ్లికి ముందు, పేపర్లు పెళ్లి తర్వాత, ఇంటిపేరు మారింది, దాంతో థీసిస్ ఒక మనిషిది పేపర్లు ఇంకో మనిషివి అయిపోయాయి. ఇలాంటి వాటి కోసమే 2012లో ఆర్కిడ్ అని 16 అంకెల నంబర్ పద్ధతి వచ్చింది, మనిషికో నంబర్, పేరు ఎలా రాసుకున్నా నంబర్ ఒకటే, డీస్పేస్ దాన్ని తీసుకుంటుంది కూడా. కానీ రిటైరైపోయిన వాళ్లకి ఫోన్ చేసి ఆర్కిడ్ చేసుకోండి సార్ అంటే పువ్వు అనుకుంటారు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా, ఎడమ పక్క మా వాళ్ల అసలు పేరు, కుడి పక్క వాళ్లు తిరిగే వేషాలన్నీ. ఆ నోట్‌బుక్ చూసి ఎక్సెల్‌లో ఒక్కొక్కటే కలుపుతున్నా, బల్క్‌గా మళ్లీ లోపలికి ఎక్కించుకోవచ్చు, ఆ వసతి మాత్రం మెచ్చుకోవాలి.

పేర్ల తర్వాత తెలుగు. ఒగ్గుకథ మీద ఒక థీసిస్ ఉంది మా దగ్గర, మంచి పని, ఊరూరా తిరిగి రాసింది. ఎక్కించాం. ఒకరోజు సరదాగా వెతికే డబ్బాలో ఒగ్గుకథ అని తెలుగులో కొట్టా, సున్నా. పుస్తకం నిండా ఆ మాటే ఉంటే సున్నా ఏంటి? డీస్పేస్ ప్రతి పీడీఎఫ్ లోంచి అక్షరాలు పిండి పక్కన ఒక టెక్స్ట్ ఫైల్ దాచుకుంటుంది, వెతుకులాట దాంట్లోనే జరుగుతుంది. ఆ ఫైల్ తెరిచి చూస్తే గుండె జారింది, ఒక్క తెలుగక్షరం లేదు, అన్నీ ఇంగ్లీషు లెటర్లు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు. అను ఫాంట్లలో, అంటే లోపల ఇంగ్లీషు గుర్తులే ఉండి పైకి తెలుగులా చూపించే పాత ఫాంట్లలో కొట్టిన థీసిస్ అది. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి గోల. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి చేయించుకున్న మన థీసిస్‌లు ఎన్నో ఇంతే, తెర మీద ముత్యాల్లాంటి అక్షరాలు, వెతికితే శూన్యం. పోనీ టైటిల్‌తో దొరుకుతుందా అంటే టైటిల్ ఇంగ్లీషు లిపిలో ఉంది, ఒగ్గు అనేదాన్ని ఓ తో మొదలెట్టారో వి తో మొదలెట్టారో వెతికేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు చేస్తున్నదేంటంటే, పేజీలన్నీ బొమ్మలుగా మార్చి, బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్‌తో, అదీ ఓపెన్ సోర్సే, తెలుగు చదివిస్తున్నా. పాత అచ్చు అయితే ఒత్తుల దగ్గర తడబడుతుంది, శుభ్రమైన ప్రింట్ అయితే బాగానే చదువుతుంది. టైటిల్ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులతో ఒకసారి వేస్తున్నా. ఒగ్గుకథ ఇప్పుడు దొరుకుతోంది.

ఒక పొరపాటు కూడా చెప్పేస్తా, ఎవరికైనా పనికొస్తుంది. రోజూ రాత్రి డేటాబేస్ బ్యాకప్ తీస్తూ నిశ్చింతగా ఉన్నా. హార్డ్ డిస్క్ పోయింది. కొత్త దాంట్లో బ్యాకప్ ఎక్కిస్తే పేర్లు, టైటిల్స్, సారాంశాలు అన్నీ వచ్చాయి, హమ్మయ్య అనుకుని ఒక థీసిస్ డౌన్‌లోడ్ నొక్కితే ఎర్రర్. ఇంకోటి, ఎర్రర్. పీడీఎఫ్‌లు డేటాబేస్‌లో ఉండవు, అసెట్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో పొడుగాటి నంబర్ల పేర్లతో ఉంటాయి, దాన్ని నేనెప్పుడూ కాపీ చెయ్యలేదు. పెళ్లి శుభలేఖలన్నీ జాగ్రత్తగా దాచి పెళ్లికూతుర్ని మర్చిపోయినట్టు. మూడు వారాలు డిపార్ట్‌మెంట్ల చుట్టూ సీడీల కోసం తిరిగా, కొన్ని సీడీలు చదవలేదు, వాటికి బైండింగ్ కాపీలు మళ్లీ స్కాన్ చేశాం.

శోధగంగ ఉందిగా, మళ్లీ మనకెందుకు అని అడిగేవాళ్లున్నారు. అక్కడ ఉండేది పరిశోధన గ్రంథాలు, మా వాళ్ల పేపర్లు, పాత జర్నల్, సర్వే రిపోర్టులు అక్కడికి పోవు. పైగా పేపర్ల విషయంలో ప్రచురణకర్త ఫైనల్ పీడీఎఫ్ పెట్టనివ్వకపోవచ్చు, చాలామంది ప్రచురణకర్తలు, జర్నల్ ఒప్పుకున్నాక రచయిత దగ్గర మిగిలిన చివరి ప్రతిని మాత్రం కొంతకాలం ఆగి పెట్టుకోనిస్తారు, ఆ వర్డ్ ఫైల్ ఎవరి దగ్గరుంటుంది చెప్పండి, పాత లాప్‌టాప్‌తో పాటు పోయుంటుంది.

నిన్నటికి కెమిస్ట్రీ అయిపోయింది, సార్ ఆరుగురూ ఒక్కరయ్యారు, వచ్చి చూసుకుని టీ ఇప్పించారు. రేపట్నుంచి తెలుగు శాఖ, పదకొండు మంది రావులున్నారు.